కొత్త పుస్తకాల రాక్ ఖాళీగా ఉన్నా కొత్త పుస్తకం దొరుకుతుంది

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ లైబ్రరీకి పోయి "కొత్తవేమన్నా వచ్చినాయా సార్?" అని అడిగితే గుమ్మం పక్కనున్న రాక్ చూపిస్తారు. దాని మీద చాలాసార్లు కనిపించేవి గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ బిట్ బ్యాంకులు, కరెంట్ అఫైర్స్. పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టుకునే పిల్లలకు అవి కావాలి, అందులో తప్పేమీ లేదు. కానీ నవల కోసమో మంచి చరిత్ర పుస్తకం కోసమో వచ్చినవాళ్లు ఆ రాక్ చూసి, ఇక్కడికి సాహిత్యం రావడం మానేసిందనుకుని వెనక్కి తిరుగుతారు. వస్తూనే ఉంది. రాక్ మీద కొన్నాళ్లు ఉండి లోపలి బీరువాల్లోకి పోతుంది, అక్కడ ముప్పై ఏళ్ల పుస్తకాల మధ్య కలిసిపోతుంది. దాన్ని అక్కడి నుంచి బయటికి లాగడమెట్లాగో ఈ పోస్టులో రాస్తున్నాను.

అన్నిటికంటే పనికొచ్చేది యాక్సెషన్ నంబరు. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ స్టాకు రిజిస్టరులో వరస నంబరు వేసి ఎక్కిస్తారు. అదే నంబరు పుస్తకం లోపల లైబ్రరీ ముద్ర పక్కన, టైటిల్ పేజీ మీదో దాని వెనకో రాసి ఉంటుంది. ఇంకోచోట కూడా ఉంటుంది, దాన్ని సీక్రెట్ పేజీ అంటారు. ఒక్కో లైబ్రరీ ఒక పేజీ నంబరు ఎంచుకుని, ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీలోనే ముద్ర వేస్తుంది. ఒక పుస్తకంలో కనిపెట్టారంటే ఆ లైబ్రరీలో అన్ని పుస్తకాలకూ అదే పేజీ. టైటిల్ పేజీ చిరిగిపోయినా నంబరు అక్కడ దొరుకుతుంది.

ఈ నంబరు వచ్చిన వరసలో పడుతుంది గనుక పెద్ద నంబరంటే ఈమధ్య వచ్చిన పుస్తకం. కొత్త రాక్ మీదున్న నాలుగైదు పుస్తకాలు తెరిచి, అన్నిటికంటే పెద్ద నంబరు ఫోన్లో రాసిపెట్టుకోండి. ఉదాహరణకు 48,310 అనుకుందాం. ఇక బీరువాల్లో 47,500 దాటినవి ఏవి కనిపించినా గత కొన్ని నెలల్లో వచ్చినవేనని లెక్క. మూడు నెలల తరువాత వచ్చినప్పుడు 48,310 దాటినవి వెతికితే చాలు, చూసిన పుస్తకాలనే మళ్లీ తిరగేసే పని ఉండదు.

ఇందులో రెండుచోట్ల దెబ్బ తింటారు. ఎవరైనా పెద్దాయన చనిపోతే ఇంట్లోవాళ్లు ఆయన పుస్తకాలన్నీ తెచ్చి లైబ్రరీకి ఇస్తారు. 1975లో అచ్చయిన పుస్తకానికీ ఆ రోజు నంబరే పడుతుంది. ఇది చెడ్డ సంగతేమీ కాదు, మార్కెట్లో దొరకని పుస్తకాలు ఎక్కువగా ఇట్లాగే బయటపడతాయి. కాకపోతే నంబరు చూసి కొత్తదనుకోకూడదు. ఇక కొన్ని లైబ్రరీలు తెలుగుకు ఒక రిజిస్టరు, ఇంగ్లీషుకు ఒకటి, ఉచితంగా వచ్చిన వాటికి ఇంకొకటి పెడతాయి. నంబరు ముందు అక్షరం ఉంటే అది ఏ రిజిస్టరుదో అడిగి తెలుసుకుని, ఒక్కోదానికి విడిగా పెద్ద నంబరు రాసుకోవాలి.

నంబరు తరువాత చూడాల్సింది టైటిల్ పేజీ వెనక పేజీ. తెలుగు పుస్తకాల్లో ఆ చిన్న పేజీకి ఉన్నంత నిజాయితీ అట్ట మీది మాటలకు ఉండదు. ప్రథమ ముద్రణ: డిసెంబరు 2023. ప్రతులు: 500. వెల. అక్షరకూర్పు ఎవరు, ముఖచిత్రం ఎవరు, ప్రతులకు ఏ చిరునామా. ఈ అయిదారు వరసలు మెల్లిగా చదవండి. 'ప్రథమ ముద్రణ' ఒక్కటే ఉంటే నిజంగా కొత్త పుస్తకం. దాని కింద 'పునర్ముద్రణ' ఉంటే పాత పుస్తకానికి కొత్త అట్ట వేశారన్నమాట. మొదటి ముద్రణ ఏడు అసలు వేయకుండా ఈ ముద్రణ ఏడు మాత్రమే వేసే ప్రచురణకర్తలూ ఉన్నారు, అప్పుడు ముందుమాట చివర సంతకం కింది తేదీ చూస్తే పట్టుబడుతుంది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, 978-81 తోనో 978-93 తోనో మొదలైతే మన దేశంలో ప్రచురణ. పదమూడు అంకెలకు బదులు పదే ఉంటే ఆ ప్రతి 2007కు ముందు అచ్చయిందని దాదాపుగా అనుకోవచ్చు. డిసెంబరు, జనవరి తేదీలు ఎక్కువగా కనిపించడానికి కారణం హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు. తెలుగులో కొత్త పుస్తకాలు చాలా మట్టుకు ఆ ప్రదర్శనల వేళకే అచ్చులోంచి బయటికి వస్తాయి. లైబ్రరీ కొనుగోళ్లు, రిజిస్టరు పని, నంబర్లు వేయడం అయ్యాక అవి మన చేతికి వచ్చేసరికి ఏడాది దాటినా వింతేమీ లేదు. కాబట్టి లైబ్రరీలో 'కొత్త' అంటే రెండు మూడేళ్ల లోపుదని లెక్కేసుకుంటే నిరాశ ఉండదు.

ఇప్పుడు బీరువాల దగ్గరికి. పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో ఉండేది కాల్ నంబరు. ఎక్కువచోట్ల విషయానికొక నంబరిచ్చే డ్యూయీ పద్ధతి వాడతారు. అందులో తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 1 చేరితే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ, 4 వ్యాసాలు. అంటే కొత్త నవల కోసం నిలబడాల్సిన చోటు 894.8273. కొన్నిచోట్ల కథా సంపుటాలను విడదీసి 894.827301 కింద పెడతారు, చాలాచోట్ల రెండూ కలిపే ఉంటాయి. నంబరు కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు రాస్తారు, వరస దాన్ని బట్టే.

తికమక ఇక్కడే మొదలు. రచయితను ఇంటిపేరుతో పెట్టాలా, సొంతపేరుతో పెట్టాలా అన్నదాంట్లో అన్ని లైబ్రరీలకూ ఒకే పద్ధతి లేదు. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న మన చిత్తూరు జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం పుస్తకాలు ఒకచోట 'మ' దగ్గర ఉంటాయి, ఇంకోచోట 'ర' దగ్గర. ఒకే లైబ్రరీలో పాత ప్రతులు ఒక అక్షరం కింద, కొత్తవి ఇంకో అక్షరం కింద ఉండటమూ ఉంది. రెండుచోట్లా చూడకుండా లేదని తేల్చేయొద్దు.

చిత్తూరు సీమలో చదివేవాళ్లకు తప్పక తెలియాల్సింది ఇంకొకటుంది. డ్యూయీ పద్ధతిలో సాహిత్యం చోటు మూల భాషను బట్టి ఉంటుంది, చేతిలో ఉన్న అనువాదం భాషను బట్టి కాదు. తమిళ నవల తెలుగు చేస్తే నియమం ప్రకారం అది 894.8113 కింద తమిళ నవలల్లోకి పోతుంది. కన్నడమైతే 894.8143, మలయాళం 894.8123, హిందీ 891.433, బెంగాలీ 891.443, ఇంగ్లీషు 823. ఇటు తమిళం, అటు కన్నడం చెవిన పడే ఊళ్లవాళ్లం కదా మనం, ఆ రెండు భాషల నుంచి తెలుగులోకి వచ్చే కొత్త అనువాదాలు మనకు ఇట్టే దగ్గరవుతాయి. తెలుగు నవలల బీరువా ఒక్కటే చూసి వచ్చేస్తే అవన్నీ చేజారిపోతాయి. చిన్న శాఖా గ్రంథాలయాల్లో మాత్రం ఈ తేడా లేకుండా తెలుగులో ఉన్నదంతా ఒకేచోట సర్దేస్తారు. ఏ పద్ధతి నడుస్తోందో తెలుసుకోవడానికి, బాగా తెలిసిన ఒక అనువాద నవల ఏ బీరువాలో ఉందో చూస్తే సరిపోతుంది.

నవలను పది నిమిషాల్లో అంచనా వేయాలంటే ముందుమాటల జోలికి పోవద్దు. తెలుగు పుస్తకాల్లో అవి మూడు నాలుగు ఉంటాయి, కథ సాంతం చెప్పేసేవీ ఉంటాయి. అన్నీ చివర్లో చదువుకోవచ్చు. మొదటి రెండు పేజీలు, నడుమ ఎక్కడైనా మనుషులు మాట్లాడుకునే ఒక పేజీ చదవండి. మాటలు రాయడం రానివాడి నవల మాటల దగ్గరే పట్టుబడుతుంది: పల్లె రైతూ, కాలేజీ పిల్లా, తహసీల్దారూ ఒకే గొంతుతో మాట్లాడుతుంటారు. మన వైపు నేపథ్యమని అట్ట మీద వేసుకున్న పుస్తకమైతే ఈ పరీక్ష ఇంకా సులువు. 'వచ్చినాడు', 'పోతా ఉండాడు', 'యాడికి' లాంటివి పైన చల్లిన అలంకారాలా, వాక్యం ఎముకలోంచి వచ్చినవా అన్నది మన చెవికి ఒక్క పేజీలో తెలిసిపోతుంది.

కథా సంపుటమైతే మొదటి కథ చదవకండి. సంపుటాలు కట్టేవాళ్లు బాగా పేరొచ్చిన కథను ముందు పెడతారు. విషయసూచికలో పేజీలు చూసి, నడుమనున్న పొట్టి కథ ఒకటి చదవండి. అది నిలబడితే సంపుటం నిలబడినట్టే. కథ చివర పత్రిక పేరు, తేదీ వేసి ఉంటుంది చూడండి. 2023లో అచ్చయిన పుస్తకంలో కథలన్నీ 1990ల నాటివైతే అది పాత కథల కొత్త సంపుటం. చదవదగ్గదే కావచ్చు, ఇప్పటి కథ కోసం వెతికేవాళ్లకు మాత్రం కాదు. కొత్త రచయితల పేర్లు తెలియకపోతే వార్షిక సంకలనాల దగ్గర మొదలుపెట్టడం మేలు. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏడాదికొకటి తెస్తున్నారు. ఒక్క సంపుటం ఇంటికి తీసుకుపోయి, నచ్చిన ఇద్దరు ముగ్గురి పేర్లు పట్టుకుని మళ్లీ బీరువా దగ్గరికి రండి. 35 ఏళ్ల లోపు రచయితలకు 2011 నుంచి కేంద్ర సాహిత్య అకాడెమీ ఇస్తున్న యువ పురస్కారాల తెలుగు జాబితా కూడా అందుకు పనికొస్తుంది. ఒక కథ పేరే తెలిసి, అది ఏ సంపుటంలో ఉందో తెలియకపోతే శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథల లైబ్రరీ కథానిలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతకవచ్చు.

కథలూ నవలలూ ఒకేచోట ఉంటాయి గనుక వెతకడం తేలిక. మిగతా పుస్తకాలు లైబ్రరీ అంతా చెదిరి ఉంటాయి, అందుకే చాలామంది అటువైపు తిరగరు. నా లెక్కలో మన లైబ్రరీల్లో ఎక్కువ అన్యాయం జరిగేది వీటికే. మన చుట్టూ ఉన్న సంగతులతో నంబర్లు గుర్తుపెట్టుకుంటే దారి దొరుకుతుంది. తోతాపురి తోట ఉన్నవాళ్లు 634.44 దగ్గర మామిడి వెతకాలి. మదనపల్లె టమోటా 635.642. పట్టుపురుగులు 638.2. శ్రీహరికోట రాకెట్లు 629.4. శ్రీకాళహస్తి కలంకారీ 746.6. వంటలు 641.5. హిందూ మతం, తిరుమల మీది పుస్తకాల్లో చాలా భాగం 294.5 చుట్టుపక్కల. ఆంధ్ర చరిత్ర 954.84. ఆత్మకథలే ఒకచోట ఉండవు: కొన్ని 920లో, రచయితలవి 928లో, రాజకీయ నాయకులవి చరిత్రలో, కొన్ని ఏకంగా తెలుగు సాహిత్యంలో.

ఇట్లాంటి పుస్తకాల్లో అచ్చయిన ఏడు ప్రాణం లాంటిది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి క్రిమినల్ చట్టాల పుస్తకం ఎంత మెరుస్తున్నా కొత్త కేసుల సెక్షన్ల కోసం నమ్మకూడదు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు పుస్తకాల్లో తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది, సూళ్లూరుపేట నెల్లూరులో ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే చిత్తూరు జిల్లానే 1911లో పుట్టింది. అంతకు ముందరి మన చరిత్ర కావాలంటే పేర్లలో 'ఉత్తర ఆర్కాటు' అనీ, మదనపల్లె, వాయల్పాడు వైపుదైతే 'కడప' అనీ వెతకాలి. ఈ ఒక్క సంగతి తెలియక, చిత్తూరు చరిత్ర మీద పాత పుస్తకాలే లేవనుకునేవాళ్లు ఎందరో.

స్థలచరిత్రల మీద ఈమధ్య కొత్త పుస్తకాలు బాగానే వస్తున్నాయి, వాటిలో గట్టివీ ఉన్నాయి, ఊకవీ ఉన్నాయి. చివరి పేజీలు తిప్పి ఆధార గ్రంథాల పట్టిక ఉందో లేదో చూడండి. తిరుమల చరిత్ర రాసిన పుస్తకమైతే ఇంకా గట్టి పరీక్ష ఉంది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైనవాళ్లు 1930లలో పరిష్కరించిన తిరుమల శాసనాలను దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. కొత్త పుస్తకం ఫలానా రాజు ఫలానా ఏట ఇంత దానమిచ్చాడని రాస్తే, శాసనం సంపుటమూ నంబరూ ఇచ్చిందా? ఇస్తే వాళ్లు పని చేసి రాశారు. 'చరిత్ర చెబుతోంది' అని దాటేస్తే ఇంకొకరి పుస్తకం చూసి రాశారు. అనువాదమైతే మూలం పేరు, మూలం అచ్చయిన ఏడు, అనువాదకుల పేరు వెనక పేజీలో ఉండాలి. 'సంక్షిప్తం' అన్న చిన్న మాట కూడా అక్కడే దాక్కుని ఉంటుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ ఈ వివరాలు ఇవ్వడంలో శ్రద్ధ చూపిస్తాయి. లోపల ఏముందో తెలియని కొత్త విషయమైతే వాళ్ల పుస్తకాలతో మొదలుపెట్టడం క్షేమం.

కంప్యూటరు కేటలాగు ఉన్నచోట తెలుగు పుస్తకాల పేర్లు చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి, స్పెల్లింగు ఎక్కించినవాళ్ల ఇష్టం. 'కథ'లోని 'థ'కు ఒకరు టీహెచ్ కొడతారు, ఇంకొకరు డీహెచ్. 'శ్రీ'కి ఎస్ తరువాత హెచ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. దీర్ఘానికి ఒకరు ఏ రెండుసార్లు కొడతారు, ఇంకొకరు ఒక్కసారే. పేరంతా కొట్టి లేదనుకోకుండా, అనుమానం లేని మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి చూడండి. అదీ కుదరకపోతే రచయిత ఇంటిపేరుతో, ఆ తరువాత ప్రచురణకర్త పేరుతో. ప్రచురణకర్త పేరుతో వెతికి, ఏడు ప్రకారం వరస పెడితే కొత్తవన్నీ ఒక్క తెరమీదికి వస్తాయి. ఈ దారి వాడేవాళ్లు తక్కువ.

ప్రభుత్వ గ్రంథాలయంలో లేకపోతే ఊళ్లో వేరే తలుపులూ ఉన్నాయి. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం లైబ్రరీ, ప్రాచ్య పరిశోధన సంస్థ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, దక్షిణాది భాషల మీద పుస్తకాలకు అటు చూడాలి. బయటివాళ్లు ముందుగా అనుమతి అడిగి, లోపల కూర్చుని చూసుకునే ఉద్దేశంతో పోవాలి. ఏ పుస్తకం, ఎందుకు అన్నది కాగితం మీద రాసుకుపోతే అనుమతి తేలికవుతుంది. ఎక్కడా దొరకని తెలుగు పుస్తకమైతే చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ముప్పై రోజుల్లో పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. తిరుపతి నుంచి రైల్లో మూడు మూడున్నర గంటలు. సొంతంగా అచ్చువేసుకునే రచయితలు అందరూ పంపరు గనుక పోయే ముందు కేటలాగు చూసుకోవాలి.

శాఖా గ్రంథాలయాలు చాలావరకు పొద్దున, సాయంత్రం రెండు పూటలే తెరుస్తారు. చాలాచోట్ల వారపు సెలవు శుక్రవారం, ఆదివారం కాదు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. బీరువాల్లోని మంచి పుస్తకాలు బల్లల మీదికి వచ్చే వారం అది, తప్పకుండా పోవాలి.

పుస్తకం ఇంటికి తీసుకునే ముందు ఒక్క నిమిషం. డెమ్మీ సైజు పుస్తకానికి ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చువేసి మడిచే పేజీల కట్ట, పదహారు పేజీలు. ఫారం పోయిందంటే పేజీలు 17 దగ్గరో, 33 దగ్గరో, 49 దగ్గరో తెగుతాయి, లేదా అదే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది. ఆ నంబర్ల దగ్గర గబగబా తిప్పి చూడండి. కొత్త పుస్తకాలు ఇప్పుడు ఎక్కువగా కుట్టు లేకుండా గమ్ముతో అంటిస్తున్నారు. వాటిని మొదటిసారే పూర్తిగా విరిచి తెరిస్తే వెన్ను పగిలి నడుమ పేజీలు ఊడివస్తాయి. ఊడిన పేజీ ముందే కనిపిస్తే కౌంటరు దగ్గర చూపించి డేట్ స్లిప్ మీద రాయించుకోండి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు అది మీ లెక్కలో పడుతుంది. అంటించుకుందామని ఇంట్లో సెల్లో టేపు వేయొద్దు, కొన్నేళ్లకు అది పచ్చబడి కాగితాన్నీ తినేస్తుంది.

ఇన్ని చేసినా పుస్తకం లేకపోతే తెప్పించమని అడగండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల లైబ్రరీ సెస్సు మనం కడుతున్నాం, అడగడానికి మొహమాటపడే పనిలేదు. సూచనల పుస్తకంలో 'మంచి నవలలు తెప్పించండి' అని రాస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన ఏడు, ఐఎస్‌బీఎన్, వెల రాయండి. వీటితో పాటు 'ప్రతులకు' అని వెనక పేజీలో ఉండే చిరునామా కూడా రాయాలి, చాలా తెలుగు పుస్తకాలు రచయిత ఇంటి నుంచి తప్ప ఎక్కడా దొరకవు. ఒకేసారి ఇరవై రాయకండి, రెండో మూడో రాయండి. వెల తక్కువదాన్ని పైన రాయండి. కింద మీ సభ్యత్వ నంబరూ, ఫోన్ నంబరూ వేయండి, పుస్తకం వచ్చిన రోజు పిలవడానికి.